చిట్టా తెరవకముందే జరిగే తప్పులు

పలాస కాశీబుగ్గలో నాకు తెలిసిన ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో, పప్పు ఆరబెట్టే గది వేడిని అయిదు నిమిషాలకోసారి రాసిపెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి నడిచేది. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డు, దానికో సెన్సరు, లాగ్ ఫైళ్లు దాచడానికి ఒక పెన్‌డ్రైవ్. తెర లేదు, కీబోర్డు లేదు. ప్రోగ్రాం రాసింది నేనే. ఒక వేసవి ఉదయం యజమాని ఫోన్ చేశారు. “ఏటి బాబూ, రాత్రి కరెంటు పోయొచ్చింది. అప్పట్నుంచి నీ పెట్టి ఏటీ రాయట్లేదు. పాడయిపోనాదేటి?”

వెళ్లి చూస్తే పెట్టె బాగానే ఉంది. లాగ్ ఫైల్ తెరిచాను. ఆఖరి వరుస కరెంటు పోకముందుది. ఆ తరవాత ఒక్క అక్షరం లేదు. పని జరిగినట్టు లేదు, ఆగినట్టు లేదు, తప్పు జరిగినట్టు కూడా లేదు. చేత్తో మొదలుపెడితే చక్కగా నడిచింది. రెండు పూటలు వెతికాక తెలిసింది: కరెంటు వచ్చి బోర్డు మేలుకున్నప్పుడు, పెన్‌డ్రైవ్ ఇంకా సిద్ధం కాకముందే నా ప్రోగ్రాం లేచింది. లాగ్ ఫైల్ ఉండాల్సిన ఫోల్డరు దానికి కనబడలేదు. “ఫైల్ తెరవలేకపోయాను” అని అది చెప్పింది కూడా. కానీ అప్పటికే దాని నోరు డెవ్ నల్ వైపు తిరిగి ఉంది. యునిక్స్‌లో ఎంత పోసినా ఏమీ మిగలని గుంట అది.

తెర వెనుక నడిచే ప్రోగ్రాం మొదలైన క్షణానికీ, దాని లాగ్ సిద్ధమయ్యే క్షణానికీ మధ్య కొంత కాలం ఉంటుంది. సెకనులో పదో వంతు కావచ్చు, పది సెకన్లు కావచ్చు. సెట్టింగుల ఫైలు చదవడం, అనుమతులు చూసుకోవడం, పోర్టు పట్టుకోవడం, డేటాబేసును పలకరించడం అన్నీ ఆ కాలంలోనే జరుగుతాయి. అంటే తప్పు జరగడానికి ఎక్కువ అవకాశం ఉన్నదీ, తప్పును రాసుకోవడానికి తక్కువ వీలున్నదీ ఒకే సమయం. వీటిని నేను తొలి ఘడియల తప్పులు అంటాను. పుస్తకాలు ఈ సంగతిని ఒక పేరాలో దాటేస్తాయి. ప్రోగ్రాం మొదలవడం అరుదైన ఘటన అన్న నమ్మకం అందుకు కారణం. పెద్ద నగరాల డేటా సెంటర్లలో అది నిజమే, యంత్రాలు నెలల తరబడి ఆగవు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా గాలి గట్టిగా వీస్తే కరెంటు పోయే తీరంలో ప్రోగ్రాం మొదలవడం రోజువారీ పని. ఇక్కడ తొలి ఘడియ మాటిమాటికీ వస్తుంది. అందుకే లాగ్ సిద్ధం కాకముందు జరిగిన తప్పును ఎలా చెప్పాలన్న ప్రశ్నకు అర్ధశతాబ్దంగా వచ్చిన జవాబులన్నిటినీ ఒకచోట పెట్టి, మన అవసరం వైపు నుంచి తూచి చూడాలనిపించింది.

లాగ్ అన్న మాటకు మన వ్యాపారుల దగ్గర చిట్టా అనే మంచి మాట ఉంది. జరిగింది జరిగినట్టు ఆ రోజుకారోజు రాసేది చిట్టా. తరవాత పద్దుల వారీగా ఎక్కించేది ఆవర్జా. ఆవర్జా పుస్తకం ఇంకా రాలేదని ఏ గుమాస్తా వచ్చిన బస్తాలు లెక్కపెట్టకుండా ఊరుకోడు. చేతికందిన కాగితం మీద రాసుకుంటాడు. కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసేవాళ్లం ఈ చిన్న తెలివిని నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

తెర వెనుక ప్రోగ్రాంని డీమన్ అంటారు. 1963లో ఎం.ఐ.టి.లో ప్రాజెక్ట్ మాక్ మీద పనిచేస్తున్న ఫెర్నాండో కార్బటో బృందం ఆ మాటను వాడుకలోకి తెచ్చింది. భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన, కనబడకుండా అణువులను వేరుచేస్తూ కూర్చునే జీవి నుంచి తీసుకున్నారు. యునిక్స్‌లో ప్రతి ప్రోగ్రాంకీ పుట్టుకతో మూడు దారులు ఉంటాయి: లోపలికి వచ్చేది ఒకటి, ఫలితం బయటికి పోయేది ఒకటి, తప్పులు చెప్పడానికి విడిగా ఒకటి. కమాండ్ లైన్ మీద మొదలుపెడితే ఆ మూడో దారి మన కళ్లముందున్న తెర మీదే తేలుతుంది. డీమన్‌గా మారాలంటే ఆ తెరతో సంబంధం తెంచుకోవాలి. లేకపోతే మనం లాగౌట్ అవగానే అదీ పోతుంది. అందుకని ఒక సంప్రదాయం ఏర్పడింది. ఫోర్క్ చేసి బిడ్డ ప్రక్రియను పుట్టించడం, తల్లి ప్రక్రియ ముగిసిపోవడం, బిడ్డ కొత్త సెషన్ తెరవడం, మరోసారి ఫోర్క్ చేయడం, పనిచేసే చోటును మూలానికి, అంటే రూట్ డైరెక్టరీకి మార్చడం, మూడు దారులనూ డెవ్ నల్‌కు తిప్పేయడం. డబ్ల్యూ. రిచర్డ్ స్టీవెన్స్ 1990ల తొలినాళ్లలో రాసిన పుస్తకాల నుంచి ఈ వరసను ఒక తరం నేర్చుకుంది. ఇదంతా ఒక్క పిలుపులో చేసిపెట్టే ఫంక్షన్ 4.4 బీఎస్‌డీతో వచ్చింది. సౌకర్యం పెరిగింది, చిక్కూ పెరిగింది. మెయిన్‌లో మొదటి వరుసగా ఆ పిలుపు పెట్టేసి, ఆ తరవాత తీరిగ్గా సెట్టింగుల ఫైలు చదివే అలవాటు వచ్చింది. ముందు నోరు కుట్టేసుకుని తరవాత నిప్పు మీద నడవడం లాంటిది అది. నా జీడిపప్పు ప్రోగ్రాం చేసింది సరిగ్గా ఇదే.

ఆ మూడు దారులకు బదులుగా నాలుగోది ఒకటి ఉంది కదా అంటారు: సిస్లాగ్. ఎరిక్ ఆల్‌మన్ 1980లలో సెండ్‌మెయిల్ కోసం రాసుకున్న ఈ ఏర్పాటు యునిక్స్ లోకమంతా పాకింది. 2001లో ఆర్ఎఫ్‌సీ 3164 దాని వాడుకను నమోదు చేస్తే, 2009లో ఆర్ఎఫ్‌సీ 5424 దానికి ప్రమాణం ఇచ్చింది. మంచి ఏర్పాటే. కానీ సిస్లాగ్ కూడా ఒక డీమనే. మన ప్రోగ్రాం దానికంటే ముందు లేస్తే చెప్పిన మాట వినేవాళ్లు లేరు. సిస్లాగ్ తెరిచేటప్పుడు కొన్ని గుర్తులు ఇవ్వొచ్చు: వినేవాళ్లు లేకపోతే కన్సోల్ మీద రాయమనేది ఒకటి, తప్పుల దారిలో కూడా ఒక కాపీ వేయమనేది ఒకటి, కనెక్షన్‌ను వెంటనే తెరవమనేది ఒకటి. భద్రత కోసం క్రూట్ చేసి తనను తాను ఒక ఫోల్డరులో బంధించుకునే ప్రోగ్రాంకి ఈ మూడోది ప్రాణం. లోపలికి వెళ్లాక సిస్లాగ్ సాకెట్ కంటికి కనబడదు. ఈ మూడు గుర్తులూ మాన్యువల్‌లో ఎప్పటినుంచో ఉన్నవే, వాటిని వాడిన కోడ్ మాత్రం నాకు తక్కువే కనబడింది.

మరయితే ముందు అన్నీ చూసుకుని, లాగ్ కూడా తెరిచి, ఆఖర్న తెర వదిలితే సరిపోదా? సగం సరిపోతుంది. సెట్టింగులు చదవడం, లాగ్ ఫైల్ తెరవడం, పోర్టు పట్టుకోవడం ముందే చేసేస్తే వాటిలో జరిగే తప్పులు తెర మీదే కనబడతాయి, ప్రోగ్రాం సున్నా కాని కోడ్‌తో ఆగుతుంది. నా ఓటు దీనికే. అయినా అన్నీ ఇలా జరపలేం. ఫోర్క్ అయినప్పుడు పిలిచిన త్రెడ్ ఒక్కటే బిడ్డలోకి వస్తుంది, మిగతావి మాయమవుతాయి. కాబట్టి త్రెడ్లు పుట్టించే లైబ్రరీలను ముందే లేపకూడదు. డేటాబేసు కనెక్షన్లను ఫోర్క్ దాటించడం చిక్కులు తెస్తుంది. ఇంకొకటి, మరీ మామూలుగా జరిగేది: లాగ్ ఫైల్ పేరును పూర్తి దారి లేకుండా రాస్తాం. ముందు తెరిచినప్పుడు మన ఫోల్డరులో తెరుచుకుంటుంది. చోటు మూలానికి మారాక, పాత లాగ్ మార్చి కొత్తది తెరవాల్సిన రోజున అదే పేరును మూలంలో వెతుకుతుంది. ఆ రోజు నుంచి మౌనం. తెర వదలకముందే దారులన్నిటినీ పూర్తి దారులుగా మార్చిపెట్టుకోవడం రెండు వరుసల పని. కనుక కొన్ని తప్పులు తెర ముందు, మిగిలినవి తెర వెనుక తప్పవు. ఆ మిగిలినవాటి కబురు తెర ముందున్న మనిషికి చేరేదెలా?

దీనికి సరైన జవాబు వజ్రపుకొత్తూరు తీరంలో చూడొచ్చు. అక్కడ పడవలు ఇసుక మీద నుంచే కడలిలోకి దిగుతాయి. ఒడ్డునున్నవాళ్లు పడవను నీళ్లలోకి తోస్తారు. అసలు గండం నడిసముద్రంలో కాదు, కెరటాలు విరిగే చోట ఉంటుంది. పడవ అడ్డం తిరిగినా, బోర్లా పడినా అక్కడే. అందుకే తోసినవాళ్లు తోసి ఇంటికి పోరు. నడుం లోతు నీళ్లలో నిలబడి, పడవ ఆ చివరి కెరటం దాటి తల ఎత్తేదాకా చూస్తారు. దాటిందంటే వెనక్కి తిరుగుతారు. తిరగబడితే అందుకోవడానికి అక్కడే ఉన్నారు. యునిక్స్ సంప్రదాయంలో తల్లి ప్రక్రియ చేస్తున్నది దీనికి వ్యతిరేకం: తోసేసి, “సున్నా, అంతా బాగుంది” అని చెప్పి వెళ్లిపోతుంది. కెరటం దగ్గర ఏమైందో దానికి తెలియదు.

సరిచేయడం కష్టం కాదు. ఫోర్క్‌కు ముందు తల్లి ఒక పైపు తెరవాలి. బిడ్డ తన ఏర్పాట్లన్నీ ముగించుకుని, లాగ్‌లో మొదటి వరుస నిజంగా రాసి చూసుకుని, “సిద్ధం” అని ఆ పైపులో ఒక బైటు వేయాలి. తప్పు జరిగితే ఆ తప్పు వాక్యాన్నే పైపులో పంపాలి. ఏమీ చెప్పకుండా చచ్చిపోతే పైపు తనంతట తానే మూసుకుంటుంది, తల్లికి అదీ కబురే. తల్లి ఆ మాటను తెర మీద రాసి, తగిన కోడ్‌తో ముగుస్తుంది. ఒక జాగ్రత్త ఉంది: పైపు రాసే కొసను తల్లి తన వైపు మూసెయ్యాలి. మరిచిపోతే బిడ్డ చచ్చిపోయినా పైపు మూసుకోదు, తల్లి ఎప్పటికీ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఈనాటి లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ వాళ్లు డీమన్ల గురించి రాసిన మాన్యువల్ పేజీలో పాతకాలపు డీమన్ చేయాల్సిన పనులు 15 వరసగా ఉన్నాయి. ఏర్పాట్లు ముగిశాయని మొదటి ప్రక్రియకు పైపు ద్వారా తెలపాలనీ, ఆ తరవాతే అది నిష్క్రమించాలనీ ఆ జాబితా చివర్లో ఉంది. రెండుసార్లు ఫోర్క్ చేయడాన్ని శ్రద్ధగా పాటించిన ఎన్నో ప్రోగ్రాంలు ఈ చివరి మాటను వదిలేశాయి.

ఇంకొక ఆలోచనాధార ఉంది. అసలు ప్రోగ్రాం తనంతట తాను వెనక్కి వెళ్లడం ఎందుకు? దాన్ని ముందుండే నడవనిచ్చి, కాపలా కాసే పని వేరే ప్రోగ్రాంకి ఇవ్వకూడదా? డి.జె. బెర్న్‌స్టైన్ 1990ల చివర్లో తెచ్చిన డీమన్‌టూల్స్ ఈ దారి వేసింది. రనిట్, ఎస్6 అదే బాటలో నడిచాయి. ఆపిల్ 2005లో లాంచ్‌డీ తెచ్చి, తన కింద నడిచేవి స్వయంగా వెనక్కి వెళ్లకూడదని నియమం పెట్టింది. 2010లో లెనార్ట్ పోట్టరింగ్ ప్రకటించిన సిస్టమ్‌డీ ఈ పద్ధతిని లినక్స్ యంత్రాల్లో చాలావాటికి చేర్చింది. దీనివల్ల తొలి ఘడియల సమస్య సగం కరిగిపోతుంది. ప్రోగ్రాం పుట్టకముందే కాపలాదారు దాని తప్పుల దారిని సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్‌కు కలిపి ఉంచుతుంది. ప్రోగ్రాం లాగింగ్ ఏర్పాటు చేసుకోకపోయినా, మొదటి వరుసలోనే కూలిపోయినా, అది కేకవేసిన మాట జర్నల్‌లో పడుతుంది. వరుస ముందు చిన్న కోణపు కుండలీకరణంలో ఒక అంకె పెడితే దాని తీవ్రత కూడా గుర్తిస్తుంది. సిద్ధమైన సంగతి చెప్పడానికి సిస్టమ్‌డీలో ఒక సాకెట్ ఉంది, ఎస్6లో అయితే ఒక దారిలో కొత్త వరుస అక్షరం వేస్తే చాలు. ఒడ్డున నిలబడి చూసేవాళ్లను వ్యవస్థే నియమించినట్టయింది.

కొత్త ప్రోగ్రాం రాసేవాళ్లు ఎవరైనా ఈ దారే పట్టాలని నా అభిప్రాయం. స్వయంగా వెనక్కి వెళ్లే కోడ్ రాయనే వద్దు. అయితే ఇందులోనూ ఒక లోటు నన్ను చాలాసార్లు బాధపెట్టింది. కూలిన ప్రోగ్రాంని మళ్లీ లేపమని చెప్పి ఉంటే సిస్టమ్‌డీ లేపుతూ పోతుంది. మామూలు లెక్క ప్రకారం 10 సెకన్లలో 5 సార్లు విఫలమైతే ఇక లేపనని ఆగుతుంది. స్థితి ఏమిటని అడిగినవాడికి పైన కనబడేది “మరీ తొందరగా మళ్లీ మళ్లీ అడిగారు” అన్న మాట. అది చివరి ఫలితం. అసలు కారణం మొదటిసారి కూలినప్పటి వరుసలో ఉంటుంది, దాని మీద నాలుగు పొరలు పడి ఉంటాయి. టెక్కలి వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలు తమ ప్రాజెక్టుల చిక్కులు పట్టుకొస్తే నేను మొదట చెప్పేది ఇదే: కింద నుంచి కాదు, మొదటి నుంచి చదవండి.

అన్నిటికంటే పాత ఉపాయం, నాకు చాలా ఇష్టమైనది, గుమాస్తా కాగితం ఉపాయం. లాగ్ సిద్ధం కాకపోతే మాటను జ్ఞాపకంలో పెట్టుకో, సిద్ధమయ్యాక వరస తప్పకుండా ఎక్కించు. లినక్స్ కెర్నల్ చేసేది అదే. తెర అనేది ఒకటుందని కెర్నల్‌కు తెలియకముందే అది మాట్లాడడం మొదలుపెడుతుంది. ఆ మాటలు జ్ఞాపకంలో ఒక గుండ్రటి బఫర్‌లో చేరతాయి, కన్సోల్ పుట్టగానే మొదటి నుంచి వినిపిస్తాయి. కన్సోల్ పుట్టేలోపే కూలిపోయే యంత్రాల కోసం ఎర్లీకాన్ అనే మరీ మొరటు దారి ఒకటుంది. జర్నల్ కూడా ముందు జ్ఞాపకంలోని రన్ ఫోల్డరులో రాసుకుని, డిస్క్ సిద్ధమయ్యాక వార్ ఫోల్డరులోకి దించుతుంది. పైథాన్ లాగింగ్‌లో మెమరీ హ్యాండ్లర్ అని ఇందుకు పనికొచ్చేది ఒకటుంది, వాడేవాళ్లు తక్కువ.

పెద్ద సర్వర్లలో ఈ విషయాన్ని ఎంతో శ్రద్ధగా పట్టించుకున్నవి ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ లేచేటప్పుడు మొదటి మాటలు తప్పుల దారిలోనే చెబుతుంది. తన లాగ్ సేకరించే ప్రక్రియ సిద్ధమయ్యాక, “ఇక లాగ్‌ను అటు మళ్లిస్తున్నాను” అని పాత దారిలో ఒక వరుస రాసి, ఇకపై మాటలు ఏ ఫోల్డరులో కనబడతాయో పేరుతో సహా సూచిస్తుంది. ఇల్లు మారేవాళ్లు తలుపు మీద కొత్త చిరునామా అతికించి వెళ్లినట్టు. ఇంత మర్యాద ప్రతి ప్రోగ్రాంకీ ఉండాలి. అపాచీకి మొదలయ్యే దశ తప్పులను మాత్రం వేరే ఫైలులో వేయమని చెప్పే మీట ఉంది. ఎంజిన్ఎక్స్‌కు సెట్టింగులు చదవకముందు ఏ ఫైలులో రాయాలో తయారుచేసేటప్పుడే లోపల రాసిపెడతారు, అదీ తెరుచుకోకపోతే ఆ సంగతిని తప్పుల దారిలో చెబుతుంది. అంటే ఒక దారి మూసుకుంటే ఇంకొకటి, అదీ మూసుకుంటే మరొకటి. ఈ మెట్లవరస ముందే తేల్చుకుని ఉండడమే అసలు పని. జ్ఞాపకంలో దాచుకునే పద్ధతికి ఒకే గండం: ఎక్కించకముందే ప్రోగ్రాం చచ్చిపోతే మాటలూ దానితో పోతాయి. కనుక ముగిసే ప్రతి దారిలోనూ బఫర్‌ను తప్పుల దారిలోకి ఒంపే ఏర్పాటు ఉండాలి.

పైథాన్ పేరు వచ్చింది కాబట్టి మన పిల్లలు తరచూ పడే గోతి ఒకటి చెప్పాలి. ప్రోగ్రాం పైభాగంలో, ఏర్పాట్లేవీ చేయకముందే, లాగింగ్ మాడ్యూల్‌ను నేరుగా పిలిచి ఒక హెచ్చరిక రాస్తారు. ఆ పిలుపు చడీచప్పుడు లేకుండా తెర మీద రాసే ఒక మామూలు హ్యాండ్లర్‌ను తగిలించేస్తుంది. కింద పది వరుసల తరవాత బేసిక్‌కాన్ఫిగ్‌తో ఫైల్ పేరు ఇస్తే, హ్యాండ్లర్ ఇప్పటికే ఉందని అది ఏమీ చేయకుండా వెనక్కి వస్తుంది. తప్పని కూడా చెప్పదు. ఫైలు పుట్టదు. తొలి ఘడియలో ఆత్రంగా చెప్పిన ఒక్క మాట మిగతా జీవితపు లాగ్ మొత్తాన్ని దారి మళ్లించేస్తుంది. 3.8 వెర్షన్ నుంచి ఫోర్స్ అనే మాట చేర్చి దీన్ని దాటొచ్చు. ఇంకో గోయి ప్రింట్. తెర ఎదురుగా ఉంటే ప్రింట్ వరుస వరుసగా బయటికొస్తుంది. అదే ప్రోగ్రాం ఫైలులోకో పైపులోకో రాస్తుంటే మాటలు బఫర్‌లో పోగుపడతాయి, మధ్యలో చంపేస్తే అన్నీ పోతాయి. చేత్తో నడిపితే కనబడిన వరుస డీమన్‌గా నడిపితే ఎందుకు లేదని తల బద్దలు కొట్టుకునేవాళ్లకు చాలాసార్లు జవాబు ఇది. తప్పులను తప్పుల దారిలోనే చెప్పాలన్న పాత నియమం వెనుక ఇలాంటి అనుభవాలు ఉన్నాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురుకు 165 దాకా. ఇక్కడి ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలు కూలాయి. కరెంటు స్తంభాలు వరసలు వరసలుగా పడ్డాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తోటలు పోయిన ఇళ్ల ముందు కంప్యూటర్ లాగుల గురించి మాట్లాడడం నాకు చిన్నతనంగానే ఉంటుంది. అయినా అలాంటి చీకటి తరవాత కరెంటు వచ్చిన క్షణం ఈ సమస్యకు అసలు పరీక్ష. రౌటర్, సర్వరు, డిస్కు, సెన్సరు అన్నీ ఒక్కసారే లేస్తాయి. ఎవరు ఎవరికంటే ముందో ఎవరికీ తెలియదు. నెట్‌వర్క్ లేకుండా నెట్‌వర్క్ ప్రోగ్రాం లేస్తుంది, డిస్కు లేకుండా డేటాబేసు లేస్తుంది.

ఆ క్షణంలో గడియారాన్ని కూడా నమ్మలేం. రాస్ప్‌బెర్రీ పై నాలుగో తరం దాకా బోర్డులో కరెంటు లేనప్పుడు నడిచే గడియారం లేదు. 2023లో వచ్చిన అయిదో తరంలో ఉంది, బ్యాటరీ మాత్రం మనం తగిలించుకోవాలి. పాత బోర్డు లేవగానే తాను ఆఖరుసారి దాచుకున్న సమయం నుంచి లెక్క మొదలుపెడుతుంది. మూడు రోజులు చీకట్లో ఉంటే, మూడు రోజుల కిందటి సమయంతో మొదటి తప్పు రాస్తుంది. నెట్‌వర్క్ అందాక గడియారం ఒక్క గెంతు గెంతుతుంది. తరవాత ఆ లాగ్ చదివేవాడు ఈనాటి తప్పును తుపానుకు ముందటిదనుకుంటాడు. కాబట్టి తొలి ఘడియల వరుసల్లో గోడ గడియారం సమయంతో పాటు, యంత్రం లేచి ఎన్ని సెకన్లయిందో కూడా రాయాలి. లేచిన ప్రతిసారికీ ఒక గుర్తు ఉండాలి. జర్నల్ ఈ రెండూ ఉంచుతుంది. చేత్తో రాసుకునే లాగుల్లో ఈ రెండు అంకెలు వేసేవాళ్లు అరుదు.

మరో సంగతి, ఈ తీరంలో పనిచేసే ఎవరైనా గుర్తుపెట్టుకోవాల్సింది: లాగ్ రాశాం అంటే డిస్కు మీద పడిందని కాదు. జర్నల్ మామూలుగా 5 నిమిషాలకోసారి డిస్కుకు దించుతుంది. క్రిటికల్, అంతకు మించిన తీవ్రత ఉన్న మాటలనే వెంటనే దించుతుంది. ఎర్రర్ అన్న స్థాయి దానికి చాలదు. కరెంటు వచ్చి, రెండు నిమిషాలుండి, మళ్లీ పోయిందా, ఆ రెండు నిమిషాల్లో రాసిన ఎర్రర్ పోయినట్టే. పైగా వార్ లాగ్‌లో జర్నల్ అనే ఫోల్డరు లేకపోతే జర్నల్ మొత్తం జ్ఞాపకంలోనే ఉండి, యంత్రం ఆగగానే తుడిచిపెట్టుకుపోతుంది. మెమరీ కార్డు అరుగుతుందని ప్రతి వరుసకూ దించమనలేం. మొదలయ్యే దశ వరుసలకూ, ఆగిపోవడానికి కారణమైన తప్పుకూ మాత్రం వెంటనే దించమనడం నాకు కుదిరిన మధ్యేమార్గం.

ఇక ముందస్తు పరీక్ష. ఎంజిన్ఎక్స్, అపాచీ, ఎస్ఎస్‌హెచ్ సర్వరు మూడింటికీ “సెట్టింగులు చూసి చెప్పు, మొదలుపెట్టకు” అనే మీటలున్నాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ పద్ధతిని వివరించాలంటే డయాలసిస్ చాలు. ఆ యంత్రం రోగికి తగిలించకముందే తనను తాను పరీక్షించుకుంటుంది, అది తేలాకే చికిత్స. కవిటి, సోంపేట, మందస, పలాస ఊళ్లలో ఎన్ని ఇళ్లవాళ్లకు డయాలసిస్ గదుల ముందు ఎదురుచూడడం తెలుసో చెప్పక్కర్లేదు. ఆ జబ్బే ఇంకో మాట కూడా నేర్పింది. రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు కనబడేసరికి కిడ్నీ శక్తి సగం దాకా పోయి ఉండొచ్చు. లక్షణం లేదంటే జబ్బు లేదని కాదు. లాగ్‌లో తప్పు లేదంటే ప్రోగ్రాం బాగుందని కాదు, అసలు లేవలేదేమో. ఖాళీ లాగ్‌కు రెండు అర్థాలు ఉండనివ్వకూడదు. అందుకే లేచిన ప్రతిసారీ, తప్పు ఉన్నా లేకున్నా, వెర్షను, చదివిన సెట్టింగుల ఫైలు, రాయబోయే లాగ్ ఫైలు, వీటి పూర్తి దారులతో ఒక వరుస తప్పనిసరిగా రాయాలి. ఆ వరుస లేకపోవడమే అప్పుడు కబురవుతుంది.

మిగతా లోకాల సంగతి క్లుప్తంగా. విండోస్‌లో సర్వీసు మొదలయ్యాక 30 సెకన్లలో కంట్రోల్ మేనేజరుతో మాట కలపకపోతే 1053 అనే తప్పు చూపిస్తుంది. అది తల్లి ఒడ్డున నిలబడడమే, కానీ కారణం చెప్పదు, ఆలస్యం ఒక్కటే చెబుతుంది. కంటైనర్లలో ప్రోగ్రాం వెనక్కి వెళ్లకుండా ముందుండే నడుస్తుంది, తప్పుల దారిని డాకర్ పట్టుకుంటుంది కాబట్టి చిక్కు తక్కువ. వేళకు పనులు నడిపే క్రాన్ తాను నడిపిన పని చెప్పిన మాటలను మెయిల్ చేయాలని చూస్తుంది. మెయిల్ ఏర్పాటు లేని డెబియన్ యంత్రంలో ఆ మాటలను పారేసి, పారేశానని మాత్రం లాగ్‌లో రాస్తుంది.

అన్ని దారులూ మూసుకున్నప్పుడు మిగిలేది ఒక్క అంకె: ముగింపు కోడ్. దానికీ ఒక సంప్రదాయం ఉంది, 64 నుంచి 78 దాకా. వాడిన తీరు తప్పయితే 64, సెట్టింగులు తప్పయితే 78. ఎప్పుడూ 1 ఇచ్చి ఊరుకోవడం కంటే ఇది చాలా మేలు. ఈ అంకె విలువ నాకు ఆ ఫ్యాక్టరీలోనే తెలిసింది.

ఆ ప్రోగ్రాంని తిరగరాశాను. వెనక్కి వెళ్లే కోడ్ తీసేసి సిస్టమ్‌డీ కింద పెట్టాను. పెన్‌డ్రైవ్ తగిలాకే లేవమని యూనిట్ ఫైలులో ఒక వరుస చేర్చాను. మొదటి మాటలు జ్ఞాపకంలో ఉంచి, లాగ్ తెరుచుకున్నాక ఎక్కిస్తుంది. అది తెరుచుకోకపోతే తప్పుల దారిలో తెలుగులో చెబుతుంది. అయినా తెర లేని పెట్టె చెప్పే మాట అక్కడి మనుషులకు ఎలా వినబడుతుంది? సర్వీసు విఫలమైనా నడిచే ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్ అనే వరుస ఒకటుంది, దానికి ముగింపు కోడ్ అందుతుంది. దానితో ఒక చిన్న ఎర్ర దీపాన్ని కలిపాను. సెట్టింగుల తప్పుకు ఒకసారి, సెన్సరు అందకపోతే రెండుసార్లు, లాగ్ రాసే చోటు లేకపోతే మూడుసార్లు వెలిగి ఆగి మళ్లీ వెలుగుతుంది. గోడ మీద కాగితం అంటించి వచ్చాను.

వానాకాలంలో ఒక రాత్రి గాలికి కరెంటు పోయొచ్చింది. ఈసారి యూనిట్ ఫైలు వేచి చూసే గడువు దాటినా పెన్‌డ్రైవ్ దొరకలేదు. కొత్త ఏర్పాటులో ఆ సంగతి కూడా దీపం దాకా చేరేలా చూశాను. పొద్దున్నే ఫోన్ వచ్చింది. “బాబూ, లైటు మూడుసార్లు ఎలుగుతోంది. కాగితంలో చూసినాం. ఆ పుల్ల ఊడిపోయుంటే గుచ్చేసినాం. ఇప్పుడు లైటు ఆరిపోనాది. నువ్వు రానక్కర్లేదు.”